పదహారణాల మాట

"పదహారణాల తెలుగువాడు" అని యొకరిని మెచ్చుకొనుట నేటికిని మన యూళ్ళలో వినబడుచున్నది. ఆ మాట వినుచున్న పిల్లవానిని అణా యనగా నేమని యడిగినచో చెప్పలేడు. అణా నాణెము ముద్రించుట ఆగి అరువది యేండ్లు పైబడినది. "వానియొద్ద చిల్లిగవ్వ లేదు" అందుము. గవ్వలిచ్చి సరకు కొన్నవారిని చూచినవారు నేడెవ్వరును లేరు. వరహా చెలామణి నుండి తొలగి రెండువందల యేండ్లయినను పసిపాప నవ్వులో వరహాలు రాలుచునే యున్నవి. డబ్బు, దుడ్డు, రూక, కాసు అను మాటలు నేడు సామాన్యముగా ధనమను అర్థమున చెల్లుచున్నవి. ఒకప్పుడివి యొక్కొక్కటి యొక్కొక్క నాణెము పేరు. నాణెము చచ్చినను పేరు చావదు. ఆ పేర్లను వరుసగా పేర్చి చూచినచో రాజుల కథకన్న వేరైన చరిత్ర యొకటి కనబడును. అది సంతలో సరకు కొన్నవాని చరిత్ర, శిస్తు చెల్లించినవాని చరిత్ర, లెక్క తెలియక నష్టపోయినవాని చరిత్ర.

గవ్వతో మొదలు పెట్టుట న్యాయము. గవ్వ సముద్రములో పుట్టిన పురుగు గుల్ల. నాణెముగా చెల్లిన గవ్వలు ముఖ్యముగా మాల్దీవుల నుండి ఓడలలో బంగాళమునకును ఒడిసాకును వచ్చుచుండెను. గవ్వకు తుప్పు పట్టదు, దొంగముద్ర వేయుటకు వీలులేదు, ఒకదానికొకటి పరిమాణమున దగ్గరగా నుండును. పిడికెడు ఉప్పు, రెండు తమలపాకులు కొనవలసిన పేదవానికి వెండి బంగారముల కన్న గవ్వయే యనుకూలము. మంచి గవ్వకే విలువ మిక్కిలి స్వల్పము. చిల్లిపడిన గవ్వ విలువ చెప్పనేల? అందుచేతనే చిల్లిగవ్వ లేమికి గురుతైనది.

ఇంత యల్పమైన గవ్వ ఒక రాజ్యమును కదలించినదన్న నమ్మశక్యము కాదు గాని అది నిజము. ఒడిసాలో 80 గవ్వలు ఒక పణము, 16 పణములు ఒక కహాణము. కహాణమునకు 1,280 గవ్వలు. నాలుగు కహాణములు, అనగా 5,120 గవ్వలు, ఒక రూపాయికి సమానముగా లెక్కింపబడుచుండెను. 1803లో ఆ దేశము ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. అంతకుముందు గవ్వలలో చెల్లించుచు వచ్చిన శిస్తును కంపెనీవారు వెండి రూపాయలలో తెమ్మనిరి. రైతు పంట అమ్మిన గవ్వలు వచ్చును. శిస్తునకు వెండి కావలెను. వెండి కొనబోయిన దాని ధర పెరిగెను. గవ్వల విలువ తగ్గి రూపాయికి నాలుగు కహాణములకు మించి పోయవలసి వచ్చెను. శిస్తు అంకె మారలేదు, భూమి మారలేదు, పంట మారలేదు. మారినది నాణెము మాత్రమే. అయినను రైతు నెత్తిపై బరువు పెరిగినది. 1817లో ఖుర్దాలో బక్షీ జగబంధు నాయకత్వమున పాయికులు తిరుగబడుటకు మాన్యములు పోవుట, ఉప్పు ధర పెరుగుట మొదలగు కారణములతోపాటు ఈ గవ్వల బాధయు నొక కారణమని చరిత్రకారులు చెప్పుచున్నారు.

లోహపు నాణెముల కథ యింతకన్న ప్రాచీనము. రూపాయి అను మాట విదేశీయమని కొందరి భ్రమ. రూపము, అనగా ముద్ర, కలది రూప్యమని పాణిని మహర్షి సూత్రములోనే సిద్ధించుచున్నది. వెండి ముక్కయైనంత మాత్రమున రూప్యము కాదు. దానిపై ముద్ర పడవలెను. ఆ ముద్ర వేసినవాడు దాని తూకమునకును మేలిమికిని పూటపడుచున్నాడు. కౌటిల్యుని అర్థశాస్త్రములో నాణెముల ముద్రణకు లక్షణాధ్యక్షుడును, నాణెముల పరీక్షకు రూపదర్శకుడును వేరు వేరుగా చెప్పబడిరి. వెండి పణము, దానిలో సగము, పాతిక, ఎనిమిదవ వంతు. రాగిలో మాషకము, అర్ధమాషకము, కాకణి, అర్ధకాకణి అని విభాగములు. అంతయు సగమునకు సగము. పండు కోసిన బిడ్డలకు పంచునట్లే మన పూర్వులు నాణెమును గూడ సగము చేయుచు పోయిరి.

ఆంధ్రదేశమున శాతవాహనులు సీసముతో నాణెములు విరివిగా ముద్రించిరి. వారి నాణెములలో రెండు తెరచాప స్తంభములు గల ఓడ బొమ్మ కలవి ప్రసిద్ధములు. ఓడ బొమ్మ ఊరక వేసినది కాదు. ఆ కాలమున రోమనుల బంగారు వెండి నాణెములు మన దేశమునకు వర్తకముపై వచ్చుచుండెను. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో అట్టి రోమక నాణెముల నిధి దొరకినది. రోమకుల వెండి నాణెము పేరు దెనారియసు. అదియే సంస్కృతమున దీనారమైనది. నిష్కశబ్దమునకు దీనారమను అర్థము గూడ గలదని అమరసింహుడు నానార్థవర్గమున చెప్పియున్నాడు. అమరము వల్లించిన బాలుడు తనకు తెలియకయే రోమాపురి నాణెము పేరు వల్లించినట్లైనది.

తరువాత వరహా. చాళుక్యుల లాంఛనము వరాహము. ఆ ముద్రను బట్టి బంగారు నాణెమునకు వరహా యను పేరు నిలిచినది. రాజమహేంద్రవరము నేలిన వేంగీచాళుక్యులలో శక్తివర్మ, రాజరాజనరేంద్రుల పలుచని బంగారు నాణెములు సముద్రముదాటి అరకాను తీరమునను సయాము దేశమునను గూడ దొరకినవి. నన్నయభట్టారకుడు భారతము తెనిగించుచున్న నాటి రాజుగారి నాణెము, ఎవరి మూటలోనో యెక్కి, బర్మా తీరమునకు పోయినదన్నమాట. విజయనగర కాలమున వరహా, దానిలో సగము ప్రతాపము, పదవ వంతు పణము అను క్రమము ఏర్పడెను. ఆ వరహానే తెల్లవారు పగోడా యనిరి. చెన్నపట్టణమున కంపెనీవారు 19వ శతాబ్దారంభమున ముద్రించిన నాణెములలో ఒక ప్రక్క గుడిగోపురమును, మరియొక ప్రక్క విష్ణుమూర్తియు, చుట్టును తెలుగు తమిళ లిపులును గలవి యున్నవి. పరదేశపు వర్తకుడు ఇచ్చటి జనుల నమ్మకము కొరకు ఇచ్చటి దేవుని, ఇచ్చటి అక్షరములను ఆశ్రయింపవలసి వచ్చెను.

ఆ కాలపు లెక్కలు విన్న నేటి విద్యార్థికి తల తిరుగును. చెన్నపురి వరహాకు 42 పణములు. పణమునకు 80 కాసులు. కావున వరహాకు 3,360 కాసులు. ఇది గాక ఊరూర వేరు నాణెములు. ఒక యూరి నాణెము మరియొక యూరికి పోయినచో వట్టము పట్టి గాని చెల్లదు. ఏ నాణెమునకెంత వట్టమో తెలిసినవాడు సరాఫు ఒక్కడే. కనుక ప్రతి మార్పిడియందును కొంత సరాఫు పెట్టెలో రాలుచుండెను. 1818లో చెన్నపురి రాజధానికి వరహాకు బదులు వెండి రూపాయి ప్రధాన నాణెమయ్యెను. 100 వరహాలకు 350 రూపాయలని నిర్ణయించిరి. 1835లో కంపెనీ ప్రాంతములన్నిటికిని ఒకే రూపాయి యేర్పడెను. దాని తూకము 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. అందులో 165 గ్రెయినులు మేలిమి వెండి. ఆ రూపాయి మన యిండ్లలో మూడు పనులు చేసినది. సంతలో ధనము, త్రాసులో తులపురాయి, కంసాలి మూసలో కడియము.

ఆ రూపాయికి 16 అణాలు. అణాకు నాలుగు కానులు. కానికి మూడు పైలు. మొత్తము 192 పైలు. రెండు అణాలు బేడ, నాలుగు పావలా, ఎనిమిది అర్ధరూపాయి. ఇందును కౌటిల్యుని నాటి సగముల పద్ధతియే కనబడుచున్నది. లోటులేని నిండు రూపాయి పదహారణాలు. అందుచే కొరతలేని మనిషి పదహారణాల మనిషియైనాడు.

అయితే వెండి రూపాయి వెండిగా నున్నంతకాలమే దాని కొక చిక్కు. వెండి ధర పెరిగి, నాణెపు విలువకన్న అందలి లోహపు విలువ యెక్కువైన క్షణమున నాణెము మూసలోనికి పోవును. మొదటి ప్రపంచయుద్ధమున నిట్లే వెండికి కరవు రాగా 1917లో ఒక రూపాయి కాగితమును, 1918లో రెండున్నర రూపాయల కాగితమును వెలువడినవి. రెండున్నర యేమి విచిత్రమని నేడు తోచును. నలువది అణాలని తలచినవారికి విచిత్రము లేదు. రెండవ యుద్ధకాలమున 1940లో రూపాయిలోని వెండి సగమునకు దిగెను; 1943లో రాగి పొదుపునకై కాని నడుమ చిల్లు పొడిచి ముద్రించిరి. చిల్లుకాని యని జనులు దానిని ఆడుకొనిరి. పిల్లలు మొలత్రాడునకు గ్రుచ్చుకొనిరి. 1947లో రూపాయి పూర్తిగా నికెలు లోహమైనది. వెండి పోయినను రూపాయి చెల్లినది. నాణెపు బలము లోహమునందు లేదనియు, ముద్ర వేసినవాని మాటయందున్నదనియు పాణిని సూత్రము తిరిగి ఋజువైనది.

తెలంగాణమున కథ వేరు. నిజాము ప్రభుత్వము తన నాణెములు తాను ముద్రించుకొనెను. చార్మినారు బొమ్మ గల ఆ రూపాయి హాలీ సిక్కా. ఇంగ్లీషువారి రూపాయి కల్దారు, అనగా యంత్రముపై పోసినది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. బెజవాడలో నూరు రూపాయల సరకు కొనవలసిన ఖమ్మము వర్తకుడు 116 హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు లెక్కించి మార్చవలెను. ఒకే భాష, ఒకే పండుగ, ఒకే వియ్యము గల జనుల నడుమ ఈ పైలు అడ్డుగోడగా నుండెను. హైదరాబాదు నాణెములు 1950 దశకమంతయు భారత నాణెములతో ప్రక్కప్రక్కన నడచి 1959లో చెల్లకపోయినవి. అయినను మాట పోలేదు. "చారాణ కోడికి బారాణ మసాల" అను సామెత కోడి ధర వేలకెక్కిన నాడును చెల్లుచున్నది.

1957 ఏప్రిలు 1వ తేదీ మన నాణెముల చరిత్రలో గొప్ప దినము. అంతకు రెండేండ్ల క్రిందట చేసిన చట్టము ప్రకారము నాటినుండి రూపాయికి 100 నయా పైసలు. పదింటి లెక్కకు మూలమైన స్థానమానము, సున్న లోకమునకిచ్చినది మన దేశమే. కాని నాణెములలో దానిని ముందు వాడుకొన్నవారు ఇతరులు. రష్యాలో పీటరు చక్రవర్తి 1704లోనే రూబులుకు నూరు కోపెక్కులు చేసెను. అమెరికావారు 1792లో చట్టము చేసిరి. ఇంగ్లీషువారు మాత్రము పౌనునకు 240 పెన్నీల లెక్కను 1971 ఫిబ్రవరి 15 వరకు విడువలేదు; ఈ విషయమున శిష్యుడు గురువుకన్న పదునాలుగేండ్లు ముందు నడచెను.

కొత్త నాణెముల రూపమున గొప్ప యాలోచన యున్నది. ఒక పైస గుండ్రము. రెండు పైసలది అలల యంచు. అయిదు పైసలది చదరము. పది పైసలది మరల అలల యంచుతో పెద్దది. అక్షరము రానివాడు కంటితోను, చూపు లేనివాడు వ్రేళ్ళతోను పోల్చుకొనవచ్చును. నాణెముపై రూపాయిలో నూరవ భాగమని హిందీలో వ్రాసి అర్థము గూడ చెప్పిరి.

అసలు చిక్కు వేరొకచోట. నూటిని పదహారుతో భాగించిన అణాకు ఆరుంబాతిక పైసలు. పాతిక పైసకు నాణెము లేదు. దగ్గరి పూర్ణాంకమునకు సరిచేయుమనియు, సరిగా సగము వచ్చినచో తక్కువ వైపునకు పొమ్మనియు చట్టము. కాబట్టి అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. ఒక్కొక్క అణా చొప్పున నాలుగుమారులు మార్చినవానికి 24 పైసలు. నాలుగణాలు ఒక్కమారు మార్చినవానికి 25. కాని విషయమున దీనికి తలక్రిందులు. ఒక కానికి 2 పైసలు. నాలుగు కానులు విడివిడిగా 8. కలిపి అణాగా మార్చిన 6. విడదీసినచో లాభమా, కలిపినచో లాభమా యన్నది సొమ్మును బట్టి మారును. తపాలావారి లెక్క యింకొకటి. రెండణాలకు నాణెపు చట్టము 12 పైసలనగా, రెండణాల ఉత్తరమునకు తపాలావారు 13 పైసల బిళ్ళ ముద్రించిరి. సగము పైస యొకచోట క్రిందికి, వేరొకచోట పైకి పోయినది.

ఈ సగము పైస యెవరిదని యడుగుట అల్పబుద్ధి కాదు. లోటా మజ్జిగ అణాకు అమ్మునామె ఆరు పైసలకే యిచ్చినచో పదునారు లోటాలకు 96 పైసలు వచ్చును. ఆమెకు నాలుగు పైసలు నష్టము. ఏడు పైసలన్నచో 112 వచ్చును. పన్నెండు పైసలు కొన్నవారి నష్టము. నూరు రూపాయల బేరము చేయువానికి ఈ తేడా కానరాదు. అణా బేరము చేయువానికే అది ప్రతిదినము తగులును. నాణెము మారినప్పుడెల్ల సరిచేయుటలోని తరుగు పేదవాని మీదనే పడుట గవ్వల నాటినుండి వచ్చుచున్న రీతి. దానికి మందు లెక్క తెలియుటయే గాని వేరులేదు.

తూనికలు మారినప్పుడును ఇదియే జరిగెను. 1956 చట్టము వలన మెట్రిక్కు కొలతలు క్రమముగా వచ్చి 1962 ఏప్రిలు 1 నుండి నిర్బంధమైనవి. 120 తులముల వీశ సుమారు ఒక కిలో 400 గ్రాములు. వీశ రూపాయి చొప్పున అమ్మిన బెల్లము కిలో 71 పైసలకు రావలెను. "రూపాయి కాదమ్మా, ఎనుబది పైసలే" అన్న వర్తకుని తీపిమాట నమ్మినవారు కిలోకు తొమ్మిది పైసలు పోగొట్టుకొనిరి. భూమి లెక్కలో మాత్రము కోస్తా రైతునకు పదింటి పద్ధతి పరిచితమే. ఎకరమునకు నూరు సెంట్లు, సెంటు 48.4 చదరపు గజములు. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు, గుంట 121 చదరపు గజములు. ఈ రెండును నేటికిని చెల్లుచున్నవి. సరిహద్దు గ్రామములలో భూమి కొనువారు రెండును నేర్వవలెను.

నాణెముల పేర్లు మిక్కిలి ప్రమాదకరముగా బ్రతికియున్న చోటు అప్పుపత్రము. మన గ్రామములలో "రూపాయి వడ్డీ" యనగా నూటికి నెలకు రూపాయి. ఏడాదికి నూటికి పన్నెండు. "రెండు రూపాయల వడ్డీ" ఏడాదికి ఇరువది నాలుగు. పావలా వడ్డీ యేడాదికి మూడు. మాట చిన్నది, నెల చిన్నది. అప్పు తీర్చు ఏండ్లు మాత్రము పెద్దవి. వెనుకటి రోజులలో ఒకడు "రూపాయికి అణాయే గదా" యని నెలవడ్డీకి ఒప్పుకొన్నాడనుకొనుడు. పన్నెండు నెలలకు పన్నెండు అణాలు. అనగా నూటికి డెబ్బదియైదు. అణా యను చిన్నమాట వెనుక ముప్పావు భాగము దాగియున్నది. పొలములు చేతులు మారుటకు వానలు లేకపోవుట యొక్కటే కారణము కాదు. ఇట్టి మాటల వెనుక నున్న గుణకారము తెలియకపోవుటయు కారణమే.

1964 జూను 1 నుండి "నయా" పోయి పైస మిగిలెను. పిదప అల్యూమినియపు పైసలు వచ్చినవి. నీటిపై తేల్చి పిల్లలు ఆడుకొన్న నాణెములవి. 2011 జూను 30తో 25 పైసలు, అంతకు తక్కువ నాణెములు చెలామణి నుండి తొలగినవి. వేల యేండ్లు నడచిన పాతికభాగపు నాణెమునకు ఆనాడు సెలవు. పెద్ద నోట్లను 1946లోను, 1978లోను, 2016 నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్లను రద్దు చేయుట జరిగెను. ఆ 2016లోనే చేతిఫోనుతో సొమ్ము పంపు యూపీఐ పద్ధతి ఆరంభమైనది. నేడు కూరగాయల బండిపై నలుపు తెలుపు గళ్ళ చీటి వ్రేలాడుచున్నది. సొమ్ము ముట్టినదని చిన్నపెట్టె తెలుగులో పలుకుచున్నది. చేతిలో గవ్వయు లేదు, లోహమును లేదు, కాగితమును లేదు. మిగిలినది అంకెయు, నమ్మకమును. ఫోను లెక్కలో పైసలు గూడ సరిగా పోవును గనుక సరిచేయుటలోని తరుగు తగ్గినది. కాని అంకె చదువలేనివానికి ప్రమాదము తగ్గలేదు, పెరిగినది. వెనుక సరాఫు దుకాణమునకు పోయి మోసపోయెడివాడు నేడు ఇంట కూర్చుండియే మోసపోవచ్చును.

రిజర్వుబ్యాంకు నోటు వెనుక పదునైదు భాషలలో దాని విలువ వ్రాసియుండును. ఆ వరుసలో ఉర్దూకు పైన, తమిళమునకు క్రింద మన తెలుగు కలదు. చదువ నేర్చినవానికది తన భాషలో వ్రాసిన హామీ. చదువరానివానికి రంగు గీత.

పైస నాణెము నేడు దేవుని హుండీలోనైనను కనబడదు. అయినను అది యొకచోట సజీవముగా నున్నది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలగు సుంకము మన పౌరగ్రంథాలయములకు జీవనాధారము. నాణెముగా చెల్లని ఆ యెనిమిది పైసలు ఒక్కొక్క గడప నుండి చేరి పుస్తకములై, పత్రికలై, సాయంకాలపు దీపమై వెలుగుచున్నవి. నూరు రూపాయల పన్ను కట్టిన గృహస్థుడు ఎనిమిది రూపాయలు అక్షరమునకు ఇచ్చుచున్నాడు. లెక్క తెలియనందున తరతరములుగా పోయిన సగము పైసలను తిరిగి రాబట్టుకొను చోటు గ్రంథాలయమే. అచ్చట కూర్చుండి చదువ నేర్చిన బిడ్డ రేపు అప్పుపత్రముపై వ్రేలు పెట్టి, "నెలకా, ఏడాదికా?" అని యడిగినచో, ఆ యెనిమిది పైసలకు పదహారణాల విలువ వచ్చినట్లే.